నడిచే కణం వదిలిపోయే పొరముక్కలు



ఈ సంవత్సరం వచ్చిన దరఖాస్తులలో ఒక ఎం.ఎస్సీ. విద్యార్థిని ప్రాజెక్టు పేరు దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. వలసపోయే కణాలు, చొరబడే కణాలు తమ పైపొర ముక్కలను ఎలా వదులుతాయి అన్నది దాని సారాంశం. నేను బి.కాం. చదివినవాడిని. ఉద్యోగమంతా బ్యాంకు కౌంటర్ల వెనక, లెడ్జర్ల మధ్య గడిచింది. జీవశాస్త్రంతో నా పరిచయం పదో తరగతితో సరి. అయినా ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, అర్థమయ్యేలా చెప్పమ్మా అని అడిగాను. ఓపికగా చెప్పింది. ఆ తరువాత దొరికినంతవరకు చదివాను. చదివినకొద్దీ ఇది మన ఇళ్ళలోకి రావలసిన విషయమని తోచింది. ఎందుకంటే, గడ్డకు సూది తగిలితే జబ్బు ఒళ్ళంతా పాకుతుందనే మాట బీదరులోనూ, అటు జహీరాబాదు, నారాయణఖేడ్ వైపు మన బంధువుల ఇళ్ళలోనూ ఇప్పటికీ వింటున్నాము. ఆ మాటకు జవాబు ఈ పొరముక్కల కథలోనే ఉంది. కాస్త వెనక నుండి మొదలుపెడతాను.

మన శరీరంలోని కణాలన్నీ ఉన్నచోటనే ఉండవు. గాయమైతే చర్మకణాలు జరిగి వచ్చి మూస్తాయి. చీము పట్టినచోటికి తెల్లరక్త కణాలు పరుగున వస్తాయి. పరుగు అంటే మన లెక్కలో కాదు. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం నిమిషానికి సుమారు 10 మైక్రాన్లు జరుగుతుంది. అంటే ఒక్క మిల్లీమీటరు దూరానికి దాదాపు 100 నిమిషాలు. పాకే కణాల లెక్కలో ఇది పెద్ద వేగమే.

కణానికి కాళ్ళు లేవు కదా, నడిచేదెలా? ముందువైపు పైపొరను పలుచగా చాపుతుంది. ఆ పొరమీద ఉండే ఇంటెగ్రిన్ అనే ప్రోటీన్లు కింది ఆధారాన్ని జిగురులా పట్టుకుంటాయి. అప్పుడు లోపలి దారాల వంటి నిర్మాణం బిగిసి, వెనుక భాగాన్ని ముందుకు లాగుతుంది. చిక్కు ఎక్కడంటే, వెనుకవైపు అంటుకున్న జిగురు అంత తేలికగా ఊడదు. కణం ముందుకు పోతుంటే వెనుక పొర సన్నని పోగులుగా సాగుతుంది. సాగి సాగి తెగుతుంది. తెగినచోట పొరముక్కలు, వాటితోపాటు ఇంటెగ్రిన్లు దారిలోనే ఉండిపోతాయి. నత్త పోయిన దారిలో జిగురుచార మిగిలినట్లే. మన ఊరివాళ్ళకు ఇంకో పోలిక చెప్పాలంటే, క్రషింగు రోజుల్లో చెరకు ట్రాక్టరు వెళ్ళిన రోడ్డు చూడండి. బండి కనబడకపోయినా, రాలిన గడలు చూసి ఫ్యాక్టరీ ఎటు ఉందో చిన్నపిల్లవాడైనా చెబుతాడు.

ఈ పోగులను శాస్త్రజ్ఞులు 1960ల నుండే సూక్ష్మదర్శినిలో చూస్తున్నారు. చాలాకాలం దీనిని తెగిపోయిన చెత్తగానే లెక్కగట్టారు. బ్యాంకులో సాయంత్రం ఊడ్చే కాగితపు ముక్కల మాదిరి అన్నమాట. ఇంగ్లండులో పీటర్ వుల్ఫ్ 1967లో రక్తంలోని ప్లేట్‌లెట్ల నుండి రాలే సన్నని రేణువులను గుర్తించినప్పుడు వాటికి 'ప్లేట్‌లెట్ దుమ్ము' అన్న పేరు వచ్చింది. పేరులోనే తెలుస్తోంది గదా, వాటికి ఇచ్చిన మర్యాద.

ఆ దుమ్ముకు విలువ కట్టడంలో గొర్రెల పాత్ర కూడా ఉంది. కెనడాలో మాంట్రియల్ నగరపు మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రోజ్ జాన్‌స్టన్ అనే ఆమె గొర్రెల ఎర్రరక్త కణాలు ముదిరే తీరును పరిశీలించారు. లేత ఎర్రకణానికి పైపొర మీద ఇనుమును లోపలికి తీసుకునే గ్రాహకాలు ఉంటాయి. కణం ముదిరాక వాటి అవసరం తీరిపోతుంది. మరి అవి ఎక్కడికి పోతున్నాయి? 1983లో ఆమె, ఆమె శిష్యుడు పాన్ చూపించినదేమంటే, కణం వాటిని లోపలే చిన్న చిన్న తిత్తులలో చుట్టి, బయటికి పంపేస్తోందని. ఆ తిత్తులకు 1987లో ఎక్సోసోములు అనే పేరు స్థిరపడింది. మన బీదరులో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, చుట్టుపక్కల గొర్రెల మందలకు కొదవ లేదు. గొర్రె రక్తం నుండి ఇంత పెద్ద శాస్త్రశాఖ పుట్టిందని అక్కడ చదివే మన పిల్లలు తెలుసుకోవాలని ఇంత వివరంగా రాశాను.

ఇక్కడ ఒక తేడా గమనించగలరు. ఎక్సోసోము కణం లోపల తయారై బయటికి వచ్చేది. పరిమాణం సుమారు 30 నుండి 150 నానోమీటర్లు. నేరుగా పైపొర నుండే మొగ్గలా ఉబ్బి తెగిపడేవి వేరు, వాటిని మైక్రోవెసికిళ్ళు అంటారు, అవి కాస్త పెద్దవి. నడిచే కణం వెనక పోగులమీద ఏర్పడేవి మూడో రకం. ఈ మూడో రకం గురించి చెప్పకుండా ముందుకు పోలేను.

చైనాలో బీజింగు నగరపు చింగ్వా విశ్వవిద్యాలయంలో లి యూ అనే శాస్త్రజ్ఞుని బృందం ఎలుక మూత్రపిండపు కణాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తుండగా, కణం బయట గుండ్రని సంచులు కనబడ్డాయి. ఒక్కొక్క సంచిలో చిన్న చిన్న తిత్తులు కిక్కిరిసి ఉన్నాయి. కోసిన దానిమ్మపండులా ఉన్నందున మొదట ఆ పోలికతోనే పిలిచారు. కణం నడిచినప్పుడే అవి ఏర్పడుతున్నాయి, నడక ఆపేస్తే ఏర్పడటం లేదు. వెనక సాగిన పోగుల మీద, పోగులు కలిసే చోట్ల, ఈ సంచులు ఉబ్బుతాయి. కణం లోపలి సరుకు పోగు గుండా ప్రయాణించి వాటిలో చేరుతుంది. కణం వెళ్ళిపోయాక పోగు తెగి సంచి అక్కడే మిగులుతుంది. తరువాత పగిలి లోపలిది కారిపోతుంది, లేదా వెనక వచ్చే మరో కణం దానిని మింగుతుంది. 2014లో వెలువడిన వ్యాసంలో వీటికి మైగ్రసోములు అని పేరుపెట్టారు. వీటి వ్యాసం సుమారు అర మైక్రాను నుండి 3 మైక్రాన్ల వరకు ఉంటుంది.

అంటే ఇది ఊడ్చిపారేసే కాగితం కాదు, వెనక వచ్చేవారి కోసం కౌంటరు మీద పెట్టి వెళ్ళిన కవరు. ఉద్యోగపు అలవాటు కొద్దీ నాకు అలా అర్థమైంది, మన్నించండి. కవరులో ఏముంటుందన్నది కణాన్ని బట్టి మారుతుంది. జీబ్రాఫిష్ అనే చిన్న చేప పిండంలో, అవయవాలు రూపుదిద్దుకునే వేళ, కదిలే కణాలు వదిలిన మైగ్రసోములు కొన్ని చోట్ల పోగుపడి, ఇతర కణాలను పిలిచే రసాయనాన్ని అందిస్తున్నాయని 2019లో అదే బృందం తెలిపింది. అవి లోపిస్తే అవయవ నిర్మాణం దెబ్బతింటోంది. పాడైన మైటోకాండ్రియాలను కణం ఈ సంచులలోకి నెట్టి వదిలించుకుంటోందని 2021లో మరో పరిశోధన చెప్పింది. చెత్త అన్న పాతమాట కూడా పూర్తిగా తప్పు కాదన్నమాట, కవరులో చెత్తా ఉంటుంది, చీటీ ఉంటుంది.

అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయంవారు 2015లో చూపించినది నాకు అన్నింటికంటే నచ్చింది. ఎలుకలకు ఫ్లూ సోకినప్పుడు మొదట ఊపిరితిత్తుల గొట్టాలలోకి న్యూట్రోఫిళ్ళు వస్తాయి. అవి నడిచిన దారి పొడవునా పొరముక్కల చార వదులుతాయి. ఆ చారలో ఒక ఆకర్షక పదార్థం ఉంటుంది. కొన్ని రోజులు ఆలస్యంగా వచ్చే టీ-కణాలు, వైరస్ సోకిన కణాలను పట్టి చంపేవి, ఆ చార ఆధారంగా చోటు తెలుసుకుంటాయి. ముందు పోయినవాడు రాలించిన చెరకుగడలను చూసి వెనకవాడు దారి పట్టడం వంటిదే.

ఇప్పుడు చొరబడే కణాల సంగతి. చొరబడటం అనగానే జబ్బు అనుకోనక్కరలేదు. ప్రతి తల్లి గర్భంలోనూ ఇది జరుగుతుంది. మాయకు చెందిన కణాలు గర్భాశయపు గోడలోకి తొలుచుకుపోయి, తల్లి రక్తనాళాలను విప్పి, బిడ్డకు రక్తం అందే ఏర్పాటు చేస్తాయి. తరువాత ఆగవలసిన చోట ఆగుతాయి. ఆ ఆగడమే క్యాన్సరుకూ దానికీ ఉన్న తేడా. మాయ తన పొరముక్కలను గర్భకాలమంతా తల్లి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. గర్భిణికి రక్తపోటు పెరిగే ప్రీఎక్లాంప్సియా అనే జబ్బులో ఈ ముక్కలు మామూలుకంటే ఎక్కువగా కనబడతాయి.

పిండంలో తిరిగే కణాలూ, క్యాన్సరు కణాలూ పొరముక్కలు వదలడంలో పోలిక ఉందని అమెరికాకు చెందిన డగ్లస్ టేలర్, పాల్ బ్లాక్ 1986లోనే ఒక సమీక్షావ్యాసం రాశారు. అప్పటికి దానిని పట్టించుకున్నవారు తక్కువ. తరువాతి రోజులలో వివరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. మన కణజాలాల మధ్య గట్టి పలుచని పొర ఒకటి ప్రహరీగోడలా ఉంటుంది. క్యాన్సరు కణం దానిని దాటాలంటే, ప్రోటీన్లను కరిగించే ఎంజైములు కావాలి. నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో క్రిస్లిన్ డిసౌజా-షోరీ ప్రయోగశాల 2009లో ప్రకటించిన ప్రకారం, చొరబడే కణాల నుండి తెగిపడే మైక్రోవెసికిళ్ళ మీద ఇటువంటి ఎంజైములు ఉంటాయి. అంటే గోడకు కన్నం వేసే పనిముట్లను కణం తనకంటే ముందు, పొరముక్కలలో చుట్టి పంపుతోంది.

ఇంకా ఆశ్చర్యం, గడ్డ ఉన్నది ఒకచోట, దాని ముక్కలు పనిచేసేది మరొకచోట. లండన్ సర్జన్ స్టీఫెన్ పాజెట్ 1889లో, రొమ్ము క్యాన్సరుతో చనిపోయిన 735 మంది స్త్రీల రికార్డులు తిరగేసి, జబ్బు కాలేయానికి, ఎముకలకు ఎక్కువగా, కొన్ని అవయవాలకు అరుదుగా వెళ్ళడం గమనించారు. విత్తనం ఎక్కడైనా పడుతుంది, అనువైన నేలలోనే మొలుస్తుంది అన్నారు. ఎర్రనేలలో పండేది నల్లరేగడిలో పండదని తెలిసిన మన రైతుకు ఈ మాట వివరించనక్కరలేదు. అయితే 2012 నుండి న్యూయార్కులో డేవిడ్ లైడెన్ బృందం చేసిన ఎలుకల ప్రయోగాలు ఒక అడుగు ముందుకు వెళ్ళాయి. విత్తనం రాకముందే గడ్డ వదిలిన ఎక్సోసోములు వెళ్ళి ఆ నేలను దున్ని సిద్ధం చేస్తున్నాయని వారు చూపారు. ఎక్సోసోము పొరమీద ఏ రకం ఇంటెగ్రిన్ ఉంటే ఆ అవయవానికి వెళుతుందని 2015లో తేల్చారు. ఒక రకం ఊపిరితిత్తులకు, మరొకటి కాలేయానికి. నడకలో జిగురుగా పనిచేసినదే ఇక్కడ కవరు మీది చిరునామా అయింది. కొన్ని పొరముక్కలు మన రక్షక కణాలను నిద్రపుచ్చే ప్రోటీనును మోస్తాయని 2018లో మెలనోమా అనే చర్మ క్యాన్సరు మీద జరిగిన పరిశోధన చెప్పింది.

ఇక మొదట చెప్పిన మాటకు వస్తాను. మా పెద్దవదినకు రొమ్ములో చిన్న గడ్డ తగిలింది. నొప్పి లేదు. డాక్టరుగారు సూదితో కొద్దిగా ముక్క తీసి పరీక్ష చేయాలన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. "సూది పెట్టిన మూడు నెలలకే ఫలానావాళ్ళమ్మాయి పోయింది గదరా, కదిలించకుండా ఉంటే అలాగే ఉంటుంది" అన్నారు. నేను, మా అబ్బాయి ఎంత చెప్పినా మా మాట సాగలేదు. పసరు కట్టారు, దర్శనాలు చేశారు. ఎనిమిది నెలలు గడిచాక చంకలో కూడా గడ్డలు వచ్చాయి. అప్పుడు హైదరాబాదుకు తీసుకుపోయారు. ఆపరేషను, కీమోథెరపీ అన్నీ జరిగాయి. రెండున్నర ఏళ్ళు బతికింది. ముందే వెళ్ళి ఉంటే తప్పక బతికేదని నేను అనను. ఎనిమిది నెలలు మాత్రం ఆమె చేతిలోనివి, అవి పోయాయి.

కదిలించకుండా ఉంటే అలాగే ఉంటుందన్న మాటనే పరీక్షించి చూడండి. ఒక సెంటీమీటరు గడ్డలో కణాలు కోట్ల సంఖ్యలో ఉంటాయి. 1975లో బట్లర్, గులినో అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎలుకలలోని రొమ్ము గడ్డ నుండి బయటికి వచ్చే రక్తాన్ని పట్టి లెక్కించారు. ఒక గ్రాము గడ్డ నుండి 24 గంటలలో 30 నుండి 40 లక్షల కణాలు రక్తంలోకి రాలుతున్నాయి. ఇవి పూర్తి కణాలు. పొరముక్కలు అదనం. అక్కడ ఏ సూదీ గడ్డను కెలకలేదు. రాలిన కణాలలో చాలా భాగం దారిలోనే చస్తాయి, అందుకే ప్రతి గడ్డా వెంటనే ఒళ్ళంతా పాకదు. కానీ గడ్డ ఊరికే కూర్చుని, మనం కదిలిస్తేనే లేచేది కాదు. రాత్రింబవళ్ళు దాని బట్వాడా జరుగుతూనే ఉంది. ఒక్కసారి పెట్టే సన్నని సూది ఆ లెక్కలో ఎంత?

సూది దారి వెంట కణాలు అంటుకోవడం అసలే లేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఉంది, అరుదు. కాలేయం, వృషణం వంటి కొన్ని అవయవాల విషయంలో వైద్యులు ముందే జాగ్రత్తపడి, స్కానింగు, రక్తపరీక్షలతో తేలేటట్లయితే సూది పెట్టరు, లేదా తరువాత ఆపరేషనులో తీసివేయగలిగిన దారిలోనే పెడతారు. రొమ్ము గడ్డకు సూది పరీక్ష ప్రపంచమంతటా మామూలుగా చేసేదే. మరి సూది పెట్టిన మూడు నెలలకే పోయినవారి సంగతి ఏమిటంటారా? చాలామంది మన దగ్గర సూది దాకా వచ్చేసరికే జబ్బు ముదిరి ఉంటుంది. చెక్కు తిరిగివచ్చిన రోజునే ఖాతా ఖాళీ కాలేదు గదా, అంతకుముందే అయింది.

సూది లేకుండా రక్తంలోని ఈ పొరముక్కలనే పట్టి జబ్బు చెప్పలేరా అని మీలో కొందరికి తోచవచ్చు. ఆ ప్రయత్నం గట్టిగా జరుగుతోంది. అమెరికాలో ప్రోస్టేటు విషయంలో మూత్రంలోని ఎక్సోసోములను చూసి, బయాప్సీ అవసరమా కాదా అని తేల్చుకునేందుకు తోడ్పడే పరీక్ష వాడుకలో ఉంది. కానీ మన రక్తంలో తిరిగే ముక్కలలో ఎక్కువ భాగం ప్లేట్‌లెట్లవి, రక్తకణాలవి. వాటిమధ్య చిన్న గడ్డ నుండి వచ్చిన కొద్దిపాటి ముక్కలను పోల్చుకోవడం తేలిక కాదు. బయాప్సీకి బదులు ఇది చాలు అనే స్థితి ఇంకా రాలేదు.

ఇదే పేరు మీద వ్యాపారం కూడా మొదలైంది, తల్లిదండ్రులు గమనించగలరు. ముఖానికి, జుట్టుకు, కీళ్ళకు ఎక్సోసోము ఇంజెక్షన్లు అంటూ పెద్ద నగరాలలో ప్రకటనలు కనబడుతున్నాయి. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో ఇటువంటివి తీసుకున్న కొందరికి తీవ్రమైన హాని కలగడంతో, తాము ఆమోదించిన ఎక్సోసోము ఉత్పత్తి ఒక్కటి కూడా లేదని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2019 డిసెంబరులో ప్రజలను హెచ్చరించింది. ఎవరైనా అమ్మజూపితే ఏ సంస్థ ఆమోదం, నెంబరు ఎంత అని కాగితం అడగండి.

పిల్లలకు ఒక మాట. ఈ రంగంలో చదవాలంటే బి.ఎస్సీ.లో జీవశాస్త్రం, రసాయనశాస్త్రం గట్టిగా చదివి, ఐఐటీలవారు నిర్వహించే జామ్ పరీక్ష రాయవచ్చు. మనకు దగ్గరలోనే హైదరాబాదులో 1977లో ప్రారంభమైన సీసీఎంబీ ఉంది, గచ్చిబౌలిలో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది, ఇటు బెంగళూరులో ఐఐఎస్సీ ఉంది. పరిశోధనకు ఫెలోషిప్పు దొరికితే ఫీజుల భారం చాలావరకు తప్పుతుంది. అందరినీ ఇంజనీరింగుకే తోలడం మంచిది కాదని నా అభిప్రాయం.

ఇళ్ళలో ఎవరికైనా గడ్డ కనబడితే చేయవలసినది ఇది. ముందు మన బ్రిమ్స్ ఆసుపత్రి సర్జరీ విభాగంలో చూపించండి. అక్కడి నుండి కలబురగికి గాని, హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జె క్యాన్సరు ఆసుపత్రికి గాని వెళ్ళవలసి రావచ్చు. బయాప్సీ ఎక్కడ జరిగినా రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకుని రాకండి. తీసిన ముక్కను మైనంలో పోతపోసి ఉంచే బ్లాకు, గాజు స్లైడ్లు కూడా రసీదు రాసిచ్చి అడిగి తెచ్చుకోండి. పెద్ద ఆసుపత్రిలో మళ్ళీ చూడాలంటే అవే కావాలి, అవి ఉంటే రెండోసారి ముక్క తీయవలసిన అవసరం చాలాసార్లు తప్పుతుంది. బ్లాకును ఎండలో, కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టవద్దు, మైనం కరుగుతుంది. ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పైన పేరు, తేదీ, ఆసుపత్రి నెంబరు రాసి, రిపోర్టులతోపాటు ఒకే ఫైలు సంచిలో ఉంచండి.